తట్టి చూడండి

టికెట్ చింపేదీ నేనే, గదులు చూపించేదీ నేనే,
సాయంత్రం గడియ పెట్టేదీ నేనే.
ఒటీలియా అంటారు. ఇటు రండి.
బూట్లకు అంటిన ఎడారిని గుమ్మం బయటే దులపండి.

గుర్రపు నాడాల్లాంటి ఈ కమానుల కింద
వచ్చినవాళ్లంతా ముందు తలెత్తుతారు, తర్వాత నోరు తెరుస్తారు.
అప్పుడు చెబుతాను:
ఆ పాలరాతి స్తంభాన్ని ఒకసారి తట్టి చూడండి.
డొక్కు డొక్కు.
ఒరెగాన్ నుంచి ఓడలో దిగిన చెక్క. రాయిలా రంగేశారు.
చరిత్ర పాఠం సగం అక్కడే అయిపోతుంది.

డోన్ ఎవారిస్తో లారందా స్పెయిన్ మొహమే చూడలేదు.
గ్రనడా కోట బొమ్మల పుస్తకమొకటి
రేవులో జ్వరంతో దిగబడ్డ నావికుడి దగ్గర చవగ్గా కొన్నాడు.
సూరేకారం ధర చుక్కలనంటిన ఏడాది
ఆ చుక్కల్నే పైకప్పుకి దించమన్నాడు.
నాలుగు వేల మూడు వందల పదహారు సున్నపు నక్షత్రాలు.
జనం రాని జూన్ నెలల్లో
మెడ పట్టేసేదాకా లెక్కపెట్టాను.

అసలు కోటలో ఫౌంటెన్ చుట్టూ పన్నెండు సింహాలట.
ఇక్కడ ఏడు.
ఎనిమిదోదాన్ని చెక్కుతుండగానే
జర్మనీవాళ్లు గాలిలోంచి ఎరువు తీయడం నేర్చుకున్నారు.
దానికి పాదాలే మిగిలాయి. పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతారు.
నీళ్లంటారా?
గొట్టం దొరగారి స్నానాల తొట్టి దాకా వచ్చింది,
సింహాల నోటి దాకా రాలేదు.

ఈ గాజుపెట్టెలో నల్లటి బిళ్ల చూశారా,
మా ముత్తాతకు కూలి కింద ఇచ్చినది.
కంపెనీ కొట్లో తప్ప ఎక్కడా చెల్లదు.
ఒక బిళ్లకు రెండు రొట్టెలు,
నాలుగింటికి ఒక పీపా నీళ్లు.
కింద చీటీ మీద ‘దాత ఎవరో తెలియదు’ అని ఉంటుంది.
దాతను నేనే. ఎవరికీ చెప్పకండి.

ఇక పై గది.
గోడ పొడుగునా అరబ్బీ అక్షరాల పట్టీ.
‘దేవుడొక్కడే జయశాలి’ అని అర్థం చెప్పేదాన్ని,
పదేళ్లు, ప్రతి గుంపుకీ, ఒకే గొంతుతో.
పోయిన చలికాలం నస్రీ హస్బూన్ వచ్చాడు,
మూడో వీధిలో బట్టల కొట్టు ముసలాయన.
పుట్టింది ఇక్కడే; వాళ్ల నాన్నే
బేత్ జాలా నుంచి దువ్వెనల పెట్టె మోసుకొచ్చాడు.
గోడకు ముక్కు ఆనించి
వేలిని కుడి నుంచి ఎడమకు నడిపించాడు, అరగంట సేపు.
“అమ్మాయ్, ఇది ఏ మాటా కాదు.
మేస్త్రీ పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.”
ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.
ఎంతమంది బడిపిల్లలు ఆ అర్థాన్ని
పుస్తకాల్లో రాసుకుని వెళ్లారో!

కిటికీ మూల దగ్గర వేలు ఆగింది.
సముద్రం మీంచి వచ్చే పొగమంచు, మా కమంచాక,
అక్కడి గచ్చును ఏళ్లుగా నాకి నాకి తినేసింది.
మిగిలింది ఒక సున్నా, ఒక నిలువు గీత,
పక్కన చిన్న కొక్కెం.
ఆయన నెమ్మదిగా చదివాడు: “మా.”
మళ్లీ అడిగాను.
“మా. అంటే నీళ్లు. నాకొచ్చిన నాలుగు మాటల్లో ఒకటి,
అవ్వ దాహమేసినప్పుడల్లా అడిగేది.”

దొర రాయించలేదు, మేస్త్రీ రాయలేదు.
వాన చుక్క పడని ఊళ్లో
మంచు తన పేరు తానే చెక్కుకుపోయింది.

ఆయన ఇప్పుడు ప్రతి గురువారం వస్తాడు.
ముసలివాళ్లకు ఉచితమన్నా టికెట్ కొంటాడు.

‘దెబ్బతిన్న మూలను సరిచేయుట’ అంటూ
శాంతియాగో నుంచి కాగితం వచ్చింది, నా సంతకం కోసం.
ఎక్కడో పెట్టాను. వెతకాలి.

సరే, గంట కొట్టింది. మెట్లు చూసుకుని దిగండి.
నాలుగు దాటితే కిటికీలు మూయాలని నియమం.
మూస్తాను,
మీరు వెళ్లాక,
కాసేపాగి.